గుండీ లేని కాజా

సాయంత్రం దుకాణం మూసి ఇంటికి వచ్చేసరికి నా భార్య గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంటుంది. "నోరు తెరువు" అంటుంది. తెరవాలి. నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూస్తుంది. ముద్దూ మురిపెం అనుకునేరు, మాకంత యోగం లేదు. నేను తీపి తిన్నానేమోనని తనిఖీ. నోరు తెరవకపోతే తిన్నట్టు. తెరిస్తే, తిని కడుక్కుని వచ్చినట్టు. ఆ తర్వాత జేబులు. లోపలి గుడ్డ బయటికి లాగి, మూలల్లో ఇరుక్కున్న నలకల్ని గోటితో గీకి, లైటు కింద పెట్టి చూస్తుంది, మిఠాయి పొడేమోనని. నేను దర్జీని, మహాతల్లీ! కటింగ్ మాస్టర్ జేబులో దూదీ దారపు ముక్కలూ కాకపోతే జీడిపప్పులుంటాయా?

నాకు షుగరు వచ్చి చాలా కాలమైంది. మాత్రలతో మొదలై ఇన్సులిన్ దాకా పాకింది. డాక్టరమ్మ మందు పెంచుతుంది, షుగరు దిగదు. తిండి తగ్గించమంటుంది, తగ్గిస్తాను, దిగదు. నడవమంటుంది, కుక్కలు తరిమినట్టు పొద్దున్నే వీధులన్నీ తిరిగొస్తాను, అయినా దిగదు. ఇంట్లో వాళ్ళకి దీనికి ఒకటే అర్థం తెలుసు. నేను చాటుగా తింటున్నాను.

తినడం లేదు మొర్రో అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఒట్లు పెట్టుకున్నాను. ఒట్టు పెట్టేవాడు ఎప్పుడూ దొంగే అని మా బామ్మర్ది తేల్చేశాడు. వాడు నా భార్యకి తమ్ముడు, నా దుకాణంలో మిషను ముందు కూర్చుంటాడు. కూర్చుంటాడంటే పని చేస్తాడని కాదు. వాడి కన్నంతా నా కత్తెర మీద. బావకి కళ్ళు మసకబారాయి, చేతులు వణుకుతున్నాయి, ఇక కటింగ్ బల్ల నాకిచ్చి కాజాలు కుట్టుకుంటూ కూర్చోవచ్చుగా అని వచ్చిన ప్రతివాడి దగ్గరా నసుగుతుంటాడు. వాడికి తిన్నగా కాలరు కత్తిరించడం రాదు. మనిషి మెడ ఎటుందో కూడా వాడికి అనుమానమే.

నా భార్య ఊరుకునే మనిషా? మా వీధిలో ఉన్న ప్రతి కొట్టుకీ వెళ్ళి చెప్పొచ్చింది. మిఠాయి కొట్టువాడు నన్ను చూస్తే గాజు అలమర తలుపు వేసేస్తాడు. మా దుకాణం పక్కన టీ కొట్టు నడిపే పెద్దమనిషికైతే గట్టి వార్నింగే ఇచ్చింది. మా ఆయన గ్లాసులో ఒక్క పలుకు చక్కెర పడిందా, నీ గ్లాసులన్నీ రోడ్డు మీద పగులుతాయి అని. ఆయన నాకు టీ ఇచ్చేటప్పుడు చక్కెర డబ్బా మూతమీద చెయ్యి వేసి పట్టుకుంటాడు, నేను లాక్కుని పారిపోతానన్నట్టు. ఊరందరికీ నేనొక చక్కెర దొంగను. ఒళ్ళు మండదా మరి?

ఇంతలో కాలివేలి గొడవ ఒకటి వచ్చి పడింది. కటింగ్ బల్ల దగ్గర మేం చెప్పులు వేసుకోం. బల్ల మీంచి గుడ్డ కిందికి జారుతుంది, పొడవాటి గుడ్డలైతే నేలమీదే పరుస్తాం, చెప్పులతో తొక్కితే మరకలు పడతాయి. ఎప్పటినుంచో ఉన్న అలవాటు. నా పాదాలకి స్పర్శ తగ్గి చాలా కాలమైంది. నా బొటనవేల్లో గుండుసూది దిగింది, నాకు తెలియలేదు. ఎవరిదో తెల్లటి గుడ్డ మీద ఎర్రటి మరక చూసి మా బామ్మర్ది కేకలు పెట్టాడు. "అయ్యయ్యో, గుడ్డ పాడైపోయింది బావా!" అన్నాడు. నా కాలు సంగతి వాడికి ఆ తర్వాతెప్పుడో తట్టింది.

ఆ పుండు మానలేదు. నల్లబడటం మొదలెట్టింది. డాక్టరమ్మ కట్టు విప్పి చూసి పెదవి విరిచింది. "షుగరు ఇలాగే ఉంటే ఇది మానదు. వచ్చేసారి మీరొచ్చేసరికి దిగిందా సరే. లేదంటే వేలు తీసెయ్యాల్సిందే, తప్పదు" అంది.

వేలు పోతుందంటే భయం లేదని బడాయి పోను. భయమే. కానీ భయం కంటే మంట ఎక్కువ. వేలు తీసేస్తే ఈ ఇంట్లో ఏమంటారో నాకు తెలుసు. నోటి కక్కుర్తికి కాలు పోగొట్టుకున్నాడంటారు. చెయ్యని దొంగతనానికి వేలు కోయించుకోవాలా నేను? ఆయన తినలేదు అన్న మాట ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నా భార్య నోట్లోంచి రావాలి. నాకు కావాల్సింది అది. వేలు ఉంటే ఇంకా మంచిది.

ఆ వచ్చేసారి రానే వచ్చింది. నా షుగరు ఎప్పట్లాగే అటకెక్కి కూర్చుంది. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది.

"నేను చెప్తూనే ఉన్నా డాక్టరమ్మా. ఈయన తింటాడు. ఎంత కాపలా కాసినా తింటాడు. ఎట్లా తింటాడో నిన్న దొరికింది నాకు. బట్టలకి ఇస్త్రీ చేస్తుంటే కనపడింది. చూడండి, మీరే చూడండి!"

అని డాక్టరమ్మ ముందే నా చొక్కా పట్టుకుని లాగి, ఎడమవైపు పొట్ట దగ్గర మడత పక్కకి తప్పించి, అక్కడున్న కన్నంలో వేలు దూర్చి ఆడించింది.

"ప్రతి చొక్కాకీ ఉందమ్మా ఈ దొంగ కన్నం! ఇందులోంచి లోపలికి తోసేస్తాడు మిఠాయిలు!"

"చొక్కాలోకి తోసుకుంటే నోట్లోకెలా వెళ్తాయే, బుర్ర ఉందా?" అని అరిచాను. "అది కన్నం కాదు, కాజా!"

"గుండీ లేకుండా కాజా ఏంటయ్యా?"

డాక్టరమ్మ ఇద్దరివైపూ చెయ్యెత్తింది. ఏమిటది అని నన్నడిగింది. ఇక చెప్పక తప్పలేదు. మధ్యాహ్నం భోజనానికి ముందు నేను ఇన్సులిన్ వేసుకునేది దుకాణంలో. వచ్చినవాళ్ళ ముందు చొక్కా ఎత్తి సూది గుచ్చుకుంటే ఇంకేమైనా ఉందా? మాస్టర్ రోగిష్టివాడు, చెయ్యి వణుకుతుంది, గుడ్డ తగలేస్తాడని పక్క దుకాణానికి పోతారు. అందుకని నేనో ఉపాయం చేశాను. నా చొక్కాలన్నిటికీ గుండీ పట్టీ పక్కన, మడత చాటున, ఒక కాజా కుట్టుకున్నాను. బల్ల అంచుకి ఆనుకుని నిలబడి, ఇన్సులిన్ పెన్ను అందులోంచి పెట్టి నొక్కేస్తాను. ఎదురుగా నిలబడి కొలతలు చెప్పేవాడిక్కూడా తెలియదు. అలవాటైపోయి ఇంట్లో కూడా అందులోంచే వేసుకుంటున్నాను.

"అన్ని చొక్కాలకీ ఒకే చోటా?" అంది డాక్టరమ్మ.

నాకు కోపం వచ్చింది. కటింగ్ మాస్టర్ని అడిగే మాటేనా అది? "దారం మందం కూడా తేడా రాదమ్మా" అన్నాను, ఛాతీ విరుచుకుని.

ఆవిడ కాసేపు కళ్ళు మూసుకుంది. తర్వాత నన్ను మంచం మీద పడుకోబెట్టి, చొక్కా పైకెత్తి, కాజా ఉండే చోట వేళ్ళతో నొక్కింది. అక్కడ పిండిముద్దలాంటి గడ్డ ఉంది. ఉందని నాకూ తెలుసు. వయసుకి వచ్చిన కొవ్వనుకున్నాను.

"ఇక్కడ గుచ్చితే నొప్పి పుడుతుందా?"

"లేదమ్మా. అందుకేగా హాయిగా అక్కడ వేసుకుంటున్నా."

"సూది ఎప్పుడు మారుస్తారు?"

"మొద్దుబారినప్పుడు" అన్నాను. మిషను సూదైనా అంతేగా, విరిగేదాకా ఎవడు పారేస్తాడు?

ఆవిడకి ఇక ఓపిక లేకపోయింది. గట్టిగానే తిట్టింది. ఏళ్ళ తరబడి ఒకేచోట గుచ్చితే అక్కడ గడ్డ కడుతుందట. గడ్డలో వేసిన మందు అక్కడే ఇరుక్కుపోతుందట, ఒంటికి సరిగ్గా అందదట. ఆవిడ పెంచుకుంటూ పోయిన మందులో సగం ఆ గడ్డ మింగేస్తోందట.

నా భార్య మొహం చూశాను. అది నా వైపు చూడకుండా డాక్టరమ్మని అడిగింది. "అయితే ఈయన తినట్లేదంటారా?"

"తింటున్నారో లేదో నాకెలా తెలుస్తుందమ్మా? తినకపోయినా ఇలాగే ఉంటుంది అంటున్నా."

ఆ తర్వాత డాక్టరమ్మ నాకు చూపుడువేలు చూపించి మరీ చెప్పింది. ఎడమవైపు ముట్టుకోవద్దు. కుడివైపు, తొడలు, చోటు మారుస్తూ వేసుకోవాలి. కొత్తచోట మందు మొత్తం పనిచేస్తుంది కాబట్టి మోతాదు బాగా తగ్గిస్తున్నాను. పాత మోతాదు వేసుకున్నారో, షుగరు అమాంతం పడిపోతుంది. చెమటలు పట్టినా, వణుకు వచ్చినా వెంటనే చక్కెర నోట్లో వేసుకోండి.

"చక్కెరా?" అంది నా భార్య.

"అవును, చక్కెరే."

నేను డాక్టరమ్మకి లంచమిచ్చి చెప్పించానన్నట్టు చూసింది నన్ను. కాలివేలు సంగతి ఇంకో రెండు వారాలు చూద్దామని డాక్టరమ్మ మమ్మల్ని పంపించేసింది.

దారి పొడుగునా యుద్ధమే. "తినకపోయినా ఇలాగే ఉంటుందట, విన్నావా?" అని నేను. "తింటున్నాడో లేదో తెలీదంది, అది వినలేదా?" అని అది. ఒకే మాటని చెరో కొస పట్టుకుని లాక్కున్నాం. ఇంటికొచ్చాక కూడా ఆగలేదు. చివరికి అది అన్న మాట విని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అరికాలికి స్పర్శే లేదు, ఇక మంటెక్కడిదంటే నేనేం చెప్పను, ఎక్కింది. "సరేలే. ఇప్పుడు దిగితే దిగనీ. నేను కాపలా కాశాను కాబట్టి దిగిందనుకుంటా" అంది.

చూశారా పన్నాగం? షుగరు దిగినా గెలుపు దానిదే. మెల్లగా దిగిందంటే కచ్చితంగా దానిదే. అందుకని నేను నిర్ణయించుకున్నాను. మెల్లగా కాదు, ఒక్క పూటలో దభీమని దిగాలి. సాయంత్రం గుమ్మంలో అది నోరు తెరవమనేలోపు నేను షుగరు మీటరు దాని మొహం ముందు పెట్టాలి. చూడవే, సూది చోటు మారిన రోజే దిగింది, నా నోటిది కాదు తప్పు, ఈ గడ్డది అని.

మర్నాడు దుకాణంలో, భోజనం వేళకి, కొలతలు చూసుకునే తెర వెనక్కి వెళ్ళాను. చొక్కా ఎత్తి కుడివైపు గుచ్చుకున్నాను. చురుక్కుమంది. మోతాదు మాత్రం పాతదే వేసుకున్నాను. తగ్గించలేదు. తెలిసే చేశాను.

భోజనం రాలేదు. రోజూ వేళకి క్యారియరు పట్టుకొచ్చే మా ఆవిడ ఆరోజు కోపంతో కావాలనే ఆలస్యం చేసింది. పోనీలే, నాకేం ఆకలా అని పంతం పట్టి పనిలో పడ్డాను. బల్ల మీద కోటు గుడ్డ పరిచి ఉంది. సుద్ద గీతలు గీసేశాను. కత్తెర పట్టుకున్నాక మెడ వెనక తడి తగిలింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. సుద్ద గీత రెండు గీతలయింది. ఈ వెధవ గీత ఎందుకు కదులుతోందని దాని మీద కోపం వచ్చింది. మిషను చప్పుడు మీద కోపం, బామ్మర్ది మీద కోపం. "ఆపరా ఆ మిషను!" అని అరిచాను. వాడు తల తిప్పి చూసేసరికి నేను కోటు గుడ్డని భుజం దగ్గరనుంచి అడ్డంగా కత్తిరించుకుంటూ పోతున్నాను.

"బావా! ఏం చేస్తున్నావు? చంపేశావు కదా గుడ్డని!"

చేతులు గడగడా వణికాయి. అప్పుడు తట్టింది డాక్టరమ్మ మాట. "చక్కెర" అన్నాను. "చక్కెర పెట్టరా."

వాడు మిషను మీద చెయ్యి ఆన్చి పగలబడి నవ్వాడు. "అదీ! ఇన్నాళ్ళకి నోరారా అడిగావు బావా!" అన్నాడు. వెంటనే ఫోను తీశాడు. "అక్కా, మీ ఆయన పట్టపగలు చక్కెర అడుగుతున్నాడే. గుడ్డ కూడా తగలేశాడు. నువ్వే వచ్చి చూడు."

వాడితో వాదించే ఓపిక లేదు. గోడ పట్టుకుని టీ కొట్టు దాకా వెళ్ళాను. చక్కెర, చక్కెర అన్నాననుకుంటా. నా చెవికే నా మాట ముద్దగా వినపడింది. టీ పెద్దమనిషి డబ్బా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"నావల్ల కాదు మాస్టారూ. మీ ఆవిడ నన్ను బతకనివ్వదు."

డబ్బా మీదికి పడ్డాను. ఆయన నన్ను తోశాడు. పెద్దగా తోయలేదు, పాపం. నేనే నిలబడలేకపోయాను. టీ కొట్టు మెట్టు మీద కూలబడ్డాను, అక్కణ్నుంచి పక్కకి ఒరిగాను. చుట్టూ జనం మూగారు. తాగొచ్చాడా అని ఎవరో అన్నారు. చక్కెర కోసం నాటకమని మా బామ్మర్ది గొంతు వినపడింది. నేను తీపి ముట్టకుండా ఇన్నేళ్ళు బతికి, చివరికి గుప్పెడు చక్కెర దొరక్క, అదీ చక్కెర డబ్బా ముందే పోతానా అనిపించింది. ఏడుపొచ్చింది. ఏడవడానిక్కూడా మొహం సహకరించలేదు.

క్యారియరు కింద పడిన చప్పుడు వినపడింది. ఆ తర్వాత నా భార్య గొంతు.

"తప్పుకోండి! డబ్బా ఇటివ్వు. ఇవ్వవయ్యా, నీ డబ్బా తగలెయ్య!"

నా తల పైకెత్తి పట్టుకుంది. దవడలు రెండు వేళ్ళతో నొక్కింది. "నోరు తెరువు" అంది. రోజూ అనే మాటే. తెరిచాను. చిటికెడు చిటికెడు చక్కెర చిగుళ్ళకి రుద్దుతూ, మింగు మింగు అని తిడుతూ, వేళ్ళు నా పళ్ళకి గీసుకుంటున్నా ఆపకుండా పెట్టింది. చక్కెర రుచి మర్చిపోయి ఎన్నాళ్ళయిందో. అప్పుడు కూడా తెలియలేదు. ఉప్పగా తగిలింది. ఎవరి కన్నీళ్ళో నేను చెప్పను, మా ఆవిడ ఒప్పుకోదు.

కాస్త తెరిపిన పడ్డాక కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట ఇది. "ఇప్పుడు నమ్మావా?"

"నమ్మడానికి తీరిక ఎక్కడిదయ్యా? చచ్చేట్టున్నావు, పోశాను." వెంటనే కళ్ళు చికిలించింది. "మందు ఎంత వేసుకున్నావు?"

నేను లేవబోయాను, భుజం పట్టి కూలేసింది.

"పాతదే వేసుకున్నావు కదూ? డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్తే?"

"అవును."

"నా మీద గెలవడానికా?"

"అవును."

"గెలిచావులే" అంది, కొంగుతో నా మూతి మీది చక్కెర తుడుస్తూ. సుతారంగా కాదు, గిన్నె తోమినట్టు తుడిచింది. "చచ్చుంటే ఇంకా బాగా గెలిచేవాడివి."

 

ఆ సాయంత్రమే నా చొక్కాలన్నీ ముందేసుకుని కూర్చుంది. మిషను ముట్టుకోలేదు, చేతి సూదితో ప్రతి కాజానీ మూసిపారేసింది. ఎంత దరిద్రమైన కుట్టంటే, కొత్తగా పనిలో చేరినవాడు కుట్టినా వాణ్ని వెళ్ళగొట్టేవాణ్ని. ఒక కుట్టు పొడుగు, ఒక కుట్టు పొట్టి, చివర్లో ముడి బఠానీ అంత. అదీ తెల్ల చొక్కాలకి నల్ల దారంతో. రోజూ అది ఒంటిమీద వేసుకుని కటింగ్ బల్ల దగ్గర నిలబడుతున్నాను, కాళ్ళకి బూట్లతో. అదో కొత్త పోరు. గుడ్డ మురికైతే మురికవనీ అంటుంది.

మందు ఇప్పుడు డాక్టరమ్మ చెప్పినంతే వేసుకుంటున్నాను, చోటు మార్చి. షుగరు మెల్లగా దిగింది. మొన్న కట్టు విప్పి చూసి, వేలు తీసే పని ఇప్పటికి లేదు, కట్లు మాత్రం మానొద్దు అంది డాక్టరమ్మ. నా భార్య ఆ మాట విని బూట్లు తెచ్చి నా ముందు పడేసింది. క్షమించు అనలేదు. అంటుందని నేనూ అనుకోలేదు.

సాయంత్రం గుమ్మంలో తనిఖీ మాత్రం ఆగలేదు. నోరు చూడటం మానేసింది, జేబులు మానలేదు. చొక్కా జేబులో చక్కెర పొట్లం ఉందో లేదో చూస్తుంది. అది పొద్దున తను పెట్టిందే. ఉంటే మళ్ళీ లోపలికి తోసేస్తుంది. లేకపోతే వీధి మొత్తానికి వినపడేలా అరుస్తుంది.

నిన్న తనిఖీ జరుగుతుండగా మా బామ్మర్ది కూడా నా వెనకే ఇంటికొచ్చాడు. పొట్లం కంటబడేసరికి వాడికి హుషారొచ్చింది.

"ఏంటక్కా, దొంగకే తాళాలిచ్చావా? ఇన్నేళ్ళూ చాటుగా తిన్నాడు, ఇప్పుడు నువ్వే కట్టిస్తున్నావా?"

నా భార్య వాడివైపు తిరిగింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. జన్మలో మొదటిసారి అది నా మీద కాకుండా ఇంకొకడి మీద పడింది.

"నోర్ముయ్. ఆయన తినలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తినలేదు. ఇంకోసారి ఆ మాటంటే పళ్ళు రాలగొడతా."

వాడు నోరెళ్ళబెట్టాడు. నేనూ అంతే. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ మాట కోసం. తీరా వచ్చాక దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.  ఏదో ఒకటి అనాలి కదా అని, పొట్ట దగ్గరి కుట్టు చూపించి గయ్యిమన్నాను.

"తెల్ల చొక్కాకి నల్ల దారమేంటే, ఇంట్లో తెల్లది లేదా?"

"ఉంది" అంది, పొట్లం నా జేబులో పెట్టి పైన చేత్తో అద్దుతూ. "నీకు కనపడాలని."